కమిషనర్ తల మీద పేటా

ఆ ఉదయం నగర్తపేటలో మా పెద్దమ్మ అంగడిలో ఉన్నవాళ్ళు, ఉన్నవి ఇవి. కోర్టు పంపిన కమిషనర్, ఆయన చేతిలో అయిదు మీటర్ల స్టీలు టేపు. పెద్దమ్మ, ఆమె మెడలో ఎప్పుడూ వేలాడే గుడ్డ టేపు. ముప్పై ఏళ్ళుగా ఆమె దగ్గర పేటాలు చుడుతున్న మేస్త్రీ. బొమ్మనహళ్ళి నుంచి రోజూ బస్సులో వచ్చి జరీ అంచులు కుట్టే అక్క. అంగడి ఓనరు. ఓనరు తరఫు వకీలు గుమాస్తా. మా వకీలుకు ఇంకో కోర్టులో పని పడింది కాబట్టి ఆయన బదులు నేను. పేటాలు చుట్టడానికి వాడే చెక్క తలలు నాలుగు. గోడలకు కొట్టిన అరల నిండా, నూటికి పైగా మైసూరు పేటాలు. పెళ్ళికొడుకులకూ, సన్మానం పొందే పెద్దలకూ పెట్టే జరీ తలపాగాలు అవే. ఇంతమందీ ఇన్నీ ఒకేసారి లోపల పట్టవు. అందుకని మేస్త్రీ వీధి వైపు అరుగు మీద కూర్చుని లోపలికి తొంగి చూస్తున్నాడు. ఆ అరుగును మేము జగలి అంటాం.

కోర్టు కమిషనర్ అంటే పెద్ద అధికారి కాదు. జడ్జి తాను వచ్చి చూడలేని చోటును తన తరఫున చూసి రమ్మని పంపే వకీలు. మాకు వచ్చినాయన కుర్రవాడు, నాకంటే రెండు మూడేళ్ళు చిన్న. ఆయన కొలవవలసింది ఒక్కటే, అంగడి వైశాల్యం. మా అద్దె చట్టంలో పద్నాలుగు చదరపు మీటర్లని ఒక హద్దు ఉంది. అంగడి ఆ హద్దు లోపల ఉంటే ఓనరు తగిన కారణం రుజువు చేయకుండా ఖాళీ చేయించలేడు. దాటితే ఆ రక్షణ లేదు, నోటీసు ఇచ్చి పంపించవచ్చు. ఓనరు ఆ పాత కట్టడం పడగొట్టి నాలుగంతస్తులు లేపాలనుకుంటున్నాడు. పెద్దమ్మకు ఆ అంగడి తప్ప వేరే జీవనాధారం లేదు. పెదనాన్న పోయాక పేటాల పని ఆమె ఒక్కతే నడుపుతోంది. గిరాకీ అంతా ఆ సందులో, ఆ గుమ్మానికి అలవాటు పడినవాళ్ళు. అందువల్ల ఆమె బతుకు ఒక సంఖ్యకు ఇటా అటా అన్న చోటికి వచ్చి ఆగింది.

ఒక అంగడి వైశాల్యం మీద దావా ఎలా నడుస్తుందని మొదట నాకు ఆశ్చర్యమేసింది. పొడవు, వెడల్పు, గుణకారం, అంతే కదా అనుకున్నాను. వెళ్ళి చూస్తే ఆ గదిలో ఒక్క మూల కూడా తొంభై డిగ్రీలు లేదు. ముందు గోడ వెడల్పు, వెనక గోడ ఇరుకు. ఎడమ గోడకంటే కుడి గోడ జానెడు పొడవు. ఓనరు తెచ్చిన ఇంజనీరు అన్నిటికంటే పెద్ద వెడల్పును అన్నిటికంటే పెద్ద పొడవుతో గుణించి 14.8 అని రాశాడు. మా వకీలు తెచ్చిన ఇంజనీరు చిన్నదాన్ని చిన్నదానితో గుణించి 13.0 అన్నాడు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఇద్దరి టేపులూ మంచివే.

నేను మహదేవపురలో కొలత పరికరాలకు సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో పనిచేస్తాను. ఒక ఆదివారం లేజర్ మీటరు తీసుకెళ్ళి నాలుగు గోడలూ, రెండు కర్ణాలూ కొలిచి, గదిని రెండు త్రిభుజాలుగా విడగొట్టి లెక్క కట్టాను. 13.9 వచ్చింది. పాత సున్నం గోడల ఎగుడుదిగుళ్ళ వల్ల చుక్క తరువాతి అంకె మీద నాకు పూర్తి నమ్మకం లేదు. ఇంకొకరు జాగ్రత్తగా కొలిస్తే పద్నాలుగు దాటినా దాటవచ్చు. ఇంటి మనిషిని కాబట్టి నా కొలత కోర్టుకు పనికిరాదు.

కమిషనర్ రావడానికి ముందు, కాఫీ తాగుతుండగా, ఉత్త కుతూహలం కొద్దీ అంగడిలో ఉన్న ముగ్గురినీ ఒక ప్రశ్న అడిగాను. కోర్టు మనకు న్యాయం చేస్తుందని నమ్మేవాళ్ళు చెయ్యి ఎత్తండి అన్నాను.

మేస్త్రీ చేతిలో గుడ్డ వదల్లేదు. "కోర్టనేది దేవస్థానం క్యూ మాదిరప్పా. దేవుడు మంచోడే. స్పెషల్ టికెట్ ఉండేవాడికి ముందు కనపడతాడు."

"గెలిచినోడు ఇంటికి పోయి ఏడ్చినాడంట, ఓడినోడు..." అని పెద్దమ్మ మొదలుపెట్టబోయింది.

"అది వద్దులే పెద్దమ్మా, అందరికీ తెలిసిందే. చెయ్యి ఎత్తుతావా లేదా?"

"ఎత్తను. ఓనరుకి దుడ్డుండాది, నాకు పేటాలుండాయి."

జరీ కుట్టే అక్క ఒక్కతే చెయ్యి ఎత్తింది. ఇదివరకు ఆమె పనిచేసిన గార్మెంట్ యూనిట్ జీతాలు ఇవ్వకుండా తలుపులు మూసేసింది. ఆడవాళ్ళంతా కలిసి లేబర్ కోర్టుకు వెళ్ళారు. "మాకు ఇప్పిచ్చినారు. కాకపోతే అది వచ్చే పొద్దుకి నా కూతురు బడే ముగిసిపోయింది. అయినా ఇప్పిచ్చినారు కద, నేను లేదని యాల చెప్పల్ల?"

ముగ్గురిలో ఒకరు. నాకు నచ్చింది సంఖ్య కాదు. ముగ్గురూ ఒకే కోర్టు గురించి మాట్లాడటం లేదన్నది నచ్చింది. మేస్త్రీ క్యూ గురించి, పెద్దమ్మ ఓనరు గురించి, అక్క తన సంగతి గురించి మాట్లాడారు. జడ్జి గురించి ఎవ్వరూ ఒక్క ముక్క అనలేదు.

ఆ తరువాతే కమిషనర్ వచ్చాడు. ముందు గోడ కొలిచాడు, నడుమ కొలిచాడు. వెనక గోడ దగ్గర అర అడ్డం వచ్చింది. అర నిండా పేటాలు.

"అక్కా, ఆ అర కాళీ చేపియ్యి," అన్నాడు ఓనరు. దావా పడినా ఓనరు పెద్దమ్మను అక్కా అనడం, పెద్దమ్మ ఆయన్ను అన్నా అనడం మానలేదు. నలభై ఏళ్ళ అలవాటు. "గోడ దాకా కొలవల్ల."

"నలభై పేటాలన్నా అవి. ఒకొకటి దించి మళ్ళా ఎక్కిచ్చల్లంటే పూట పోతాది."

"పరవాలేదమ్మా. అర మందం కలుపుకుంటాను," అన్నాడు కమిషనర్. పక్కనుంచి చూసి, "నాలుగంగుళాలు ఉంటుంది," అని రాసుకున్నాడు.

నేను చూశాను. ఎనిమిది అంగుళాలు ఉంటుంది. నోరు తెరిచేలోపే పెద్దమ్మ తన పని మొదలుపెట్టేసింది. ఆమె అంగడిలోకి ఎవరు వచ్చినా కళ్ళు ముందు తల మీదికే పోతాయి. పాతికేళ్ళ కుర్రవాడు, వేలికి కొత్త ఉంగరం. "పెళ్ళి కుదిరిందా నాయనా?" అంది. ఆయన నవ్వాడు. వచ్చే నెలలోనట. పెద్దమ్మ మెడలోని గుడ్డ టేపు తీసి ఆయన తల చుట్టూ తిప్పింది. "ఇరవై రెండున్నర. మేస్త్రీ, ఆ కెంపు రంగుది ఇటీ." ఆయన వద్దండీ వద్దండీ అంటూనే ఉన్నాడు. అప్పటికే పేటా తల మీదికి వచ్చేసింది. పెద్దమ్మ రెండడుగులు వెనక్కి వేసి, కుచ్చు సర్ది, "రాజా మాదిరి ఉండావు," అంది. బయటి అద్దంలో చూసుకుని ఆయనే ముచ్చటపడ్డాడు. అలాగే పేటాతోనే ఎడమ గోడ కొలిచాడు. వెళ్ళేటప్పుడు తీసి, రెండు చేతులతో పెద్దమ్మకు తిరిగి ఇచ్చేశాడు.

కమిషనర్ పేటా పెట్టుకుని, చేతిలో టేపు పట్టుకుని, పక్కన పెద్దమ్మ నవ్వుతూ ఉండగా గుమాస్తా ఫోన్లో ఫోటో తీశాడు. అది నేను తరువాత తెలుసుకున్నాను.

రెండు వారాలకు కమిషనర్ రిపోర్టు వచ్చింది. 13.6. పెద్దమ్మ సందు మొదట్లో ఉన్న గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టింది. నా ప్రశ్న మళ్ళీ అడిగాను. ముగ్గురూ చెయ్యి ఎత్తారు. మేస్త్రీ అయితే రెండు చేతులూ ఎత్తాడు.

"పెద్దమ్మా, అది తక్కువ వచ్చింది," అన్నాను. "అర ఎనిమిదంగుళాలు. ఆయన నాలుగు వేసుకున్నాడు. తేడా సుమారు ఒక మీటరులో పదో వంతు, గోడ మూడు మీటర్లు. అక్కడే పాయింట్ మూడు పోయింది. నా లెక్కకూ ఆయన లెక్కకూ ఉన్న తేడా సరిగ్గా అంతే."

ఆమె నన్ను తల నుంచి కాలిదాకా చూసింది. "నువ్వు ఎవురి పక్కప్పా?"

"నీ పక్కే."

"అట్లయితే నోరు మూసుకోని కాఫీ తాగు."

నోరు మూసుకున్నాను గానీ, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ కుర్రవాడు అర ఖాళీ చేయించకపోవడానికి కారణం ఏమిటి? బద్ధకమా, మర్యాదా? పేటా పెట్టింది అర కొలిచిన తరువాత. కాబట్టి పేటా వల్ల కాదు. కానీ పేటా పెట్టే మనిషి ఎలా మాట్లాడుతుందో, ఆ మాట ముందే పని చేసి ఉండవచ్చు. మా ల్యాబులో గేజ్ బ్లాకులని ఉక్కు దిమ్మలు ఉంటాయి. మిగతా పరికరాలన్నీ వాటితోనే సరిచూస్తాం. వాటిని ఒట్టి చేత్తో ముట్టుకోనివ్వరు. అరచేతి వెచ్చదనానికే ఆ ఉక్కు పెరుగుతుంది. కంటికి కనపడదు, కానీ పెరుగుతుంది. ముట్టుకున్నవాడు చెడ్డవాడు కానవసరం లేదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో నాకు నేర్పింది ఇదే. మనుషులకు కూడా అది వర్తిస్తుందని నాకు అప్పటిదాకా తట్టలేదు.

తరువాతి వాయిదా నాడు మా వకీలు వీడియో లింకు పంపాడు. బట్టలు కత్తిరించే బల్ల మీద, రెండు చెక్క తలల నడుమ నా ల్యాప్‌టాప్ పెట్టాను. నలుగురం దాని ముందు చేరాం. మా దావా పిలిచారు. ఓనరు వకీలు లేచి, కమిషనర్ రిపోర్టు నమ్మదగింది కాదన్నాడు. ఫోటో ఇచ్చాడు.

జడ్జి ఆ ఫోటోను కాసేపు చూశారు. కన్నడంలో అడిగారు: "ఇది కొలతా, వరపూజా?"

కోర్టు హాల్లో నవ్వులు వినిపించాయి. పెద్దమ్మకు నవ్వు రాలేదు.

"పేటా పెట్టడం మా కడ సంప్రదాయం, స్వామీ. వాళ్ళ వృత్తే అది," అన్నాడు మా వకీలు. "పెట్టారు, మళ్ళీ తీసుకున్నారు. ఇచ్చింది ఏమీ లేదు."

"మంచి సంప్రదాయమే. నాకూ పెట్టారు, సన్మానాల్లో. ఆ పూట నేను ఎవరి అంగడీ కొలవలేదు."

మా వకీలు ఇంకేదో అనబోయాడు. జడ్జి ఆపారు. అర ఎందుకు ఖాళీ చేయించలేదో రిపోర్టులో లేదేమని గట్టిగా అడిగారు. మా వకీలు తడబడ్డాడు. చివరికి జడ్జి చెప్పింది నాకు ఇంచుమించు మాటకు మాట గుర్తుంది. "కమిషనర్ చెడు ఉద్దేశంతో చేశారని నేను అనడం లేదు. ఈ ఫోటో చూసిన ఎదుటి పక్షానికి ఆ రిపోర్టు మీద నమ్మకం ఉండదు. ఎదుటి పక్షం నమ్మలేని కొలత నాకు పనికిరాదు." ఆ రిపోర్టు పక్కన పెట్టి, వేరే కమిషనర్‌ను వేశారు. ఈసారి ఆ అంగడిలో కమిషనర్‌కు ఎవరూ ఏమీ ఇవ్వకూడదు, నీళ్ళు కూడా, అన్నారు. తరువాతి దావా పిలిచారు.

నేను ల్యాప్‌టాప్ మూశాను.

"అయిపోయింది," అన్నాడు మేస్త్రీ. "ఓనరు కొనేసినాడు. చూడలే, మనోడిని ఎట్ల అరిసినాడో? వాళ్ళ లాయరుని ఒక మాట అన్నాడా?"

"పేటా తిరిగి తీసుకుంటి కదప్పా," అంది పెద్దమ్మ. నన్నే అడుగుతున్నట్లు. "ఇచ్చింటే లంచం. నేను ఇయ్యలేదే. ఆ బిడ్డ తలకి సరిపోతాదా లేదా అని చూస్తి. వచ్చినోడి తలకి పేటా పెట్టి చూసేది తప్పా? నలభై ఏండ్లుగా పెడతాండా. ఈ గోడలు పడగొట్టేదానికి వచ్చిన కూలోడికైనా పెట్టింటా."

"అదేనక్కా జడ్జి చెప్పింది," అంది జరీ అక్క, సూది దారం చూసుకుంటూ. "తప్పనలేదు. పనికిరాదన్నాడు."

"రెండూ ఒకటే."

"ఒకటి కాదక్కా."

ఆ రోజు ప్రశ్న అడగాలనిపించలేదు. అయినా పెద్దమ్మే, "అడుగప్పా నీ ప్రశ్న, ఎవురెత్తుతారో చూద్దాం," అంది. మేస్త్రీ రెండు చేతులూ ఒడిలో పెట్టుకున్నాడు. అక్క చెయ్యి ఎప్పటిలాగే లేచింది. పెద్దమ్మ దాన్ని చూసి, "నీకు కోర్టంటే పుట్టినిల్లు," అని ఎత్తిపొడిచింది.

ఆ వారంలోనే ఓనరు మనిషిని పంపించాడు. దావా ఎత్తేసుకుందాం, కొత్త కట్టడంలో మూడో అంతస్తులో చోటిస్తాను అన్నాడు. పెద్దమ్మ రెండు రోజులు ఆలోచించింది. ఆ రెండు రోజుల్లోనే ఆమె ఓడిపోయిందని అందరం అనుకున్నాం. పెళ్ళికొడుకు మేనమామ మూడంతస్తులు ఎక్కి పేటా కొనడని మేస్త్రీ ఒక పక్క, కోర్టు ఎలాగూ వాళ్ళదే, ఉన్నది తీసుకో అని బంధువులు ఇంకో పక్క.

నాకు ఓనరు ఏమనుకుంటున్నాడో వినాలనిపించింది. సందు చివర నిలబడి కాఫీ తాగే హోటల్లో దొరికాడు. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు.

"అన్నా, రెండో కొలతకి ఆర్డరిచ్చి కోర్టు మీకు సాయం చేసిందంటున్నారు మావాళ్ళు," అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టి నవ్వాడు. నిజంగా నవ్వాడు. "నాకా? ఏమప్పా చదువుకున్నోడివి. మొదటోడిని మీ పెద్దమ్మ ఒక పేటాతో కొనేసింది. నేను ఆ పిల్లోడికి కాఫీ కూడా చెప్పలేదు, సుమ్మనే లేనిపోని మాట వస్తాదని. అదీ నా బుద్ధి. కోర్టులెప్పుడూ బాడుగోళ్ళ పక్కేనప్పా. ముసలామె, మొగుడు లేదు, పేటాలు చుట్టుకుంటాది అంటే ఏ జడ్జికి మనసు కరగదు? నాకు ఉండేది కట్టడం. కట్టడానికి ఏడుపు వస్తాదా?"

"మరి దావా ఎందుకు వేశారు?"

"ఇంకేం చేయల్ల? అక్కని మెడ పట్టి బయటికి తోసేదా?"

కాఫీ దుడ్లు ఆయనే ఇచ్చాడు. నేను ఇస్తానన్నా ఒప్పుకోలేదు. "నువ్వు కమిషనర్ కాదు కద," అన్నాడు.

ఆ సంభాషణ పెద్దమ్మకు చెప్పాను. కోర్టు ఆమె పక్కేనని ఓనరు నమ్ముతున్నాడని. ఆమె చేతిలో పని ఆగింది.

"ఆయప్ప అట్లన్నాడా?"

"అన్నాడు."

"నేను కొన్నానని?"

"పేటాతో."

తరువాత చెక్క తల మీద సగం చుట్టిన గుడ్డను మళ్ళీ బిగించడం మొదలుపెట్టింది. "మూడో అంతస్తు వద్దని చెప్పిపంపు," అంది. "కొలవనీ."

నేను కారణం అడగలేదు. ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ఓనరు కూడా భయపడుతున్నాడని తెలిసి ధైర్యం వచ్చిందా? లేక పేటాతో కొన్నావన్న మాట దులుపుకోకుండా ఆ అంగడి వదిలి పోకూడదనుకుందా? రెండోదే అయి ఉంటుందని నా అంచనా. ఆ వారమంతా ఆమె పేటాల మాట తప్ప వేరే మాట మాట్లాడలేదు.

రెండో కమిషనర్ నడివయసు స్త్రీ. కళ్ళజోడు, భుజాన సంచి, సంచిలో సొంత నీళ్ళ సీసా. ఆమె వెంట లేజర్ పరికరంతో ఒక సర్వేయర్. లోపలికి అడుగుపెట్టి నలుగురికీ నమస్కారం చెప్పి, నాలుగు గోడలూ చూసి, "అన్ని అరలూ ఖాళీ చేయండి. గోడలు కనపడాలి," అంది. కన్నడంలో, మెల్లగా, మారు మాటకు చోటు లేకుండా.

అరలు ఖాళీ చేయడం మొదలైంది. పెద్దమ్మ జగలి మీద చీరలు పరిచింది. పేటాలు వరసగా దించాం. ఓనరు వచ్చి ఊరికే నిలబడలేక తనూ చెయ్యేశాడు. గుమాస్తా ఫోన్ జేబులో పెట్టుకుని చెయ్యేశాడు. ముప్పై నలభై పెట్టేసరికి జగలి నిండిపోయింది. సందులో ఎక్కడ పెడతాం? తోపుడు బండ్లు, మూటలు మోసే హమాలీలు, రాత్రి కురిసిన వాన బురద.

"నేల మీద పెట్టొద్దండ్రా!" అని పెద్దమ్మ అరిచింది. "తలకి పెట్టేది నేలకి తగలకూడదు."

"మరి యాడ పెట్టేదక్కా?" అన్నాడు ఓనరు, చేతిలో అయిదు పేటాలతో.

"తల ఉండేది ఎందుకన్నా?"

అలా మొదలైంది. మొదట మేస్త్రీ ఒకటి పెట్టుకున్నాడు, రెండు చేతుల్లోనూ నాలుగేసి పట్టుకున్నాడు. తరువాత నేను. తరువాత జరీ అక్క నవ్వు ఆపుకోలేక చీర కొంగు మీదనే ఒకటి పెట్టుకుంది. గుమాస్తాకు పెద్దమ్మే పెట్టింది, చెవులదాకా దిగింది. ఓనరు కాసేపు అటూ ఇటూ చూశాడు. చేతులు నిండి ఉన్నాయి, పెట్టే చోటు లేదు. తల వంచాడు. పెద్దమ్మ బంగారు అంచుది ఏరి ఆయన తలకు పెట్టింది. అలవాటు చొప్పున వెనక్కి రెండడుగులు వేసి కుచ్చు సర్దింది. పక్క అంగడి వాళ్ళు, ఎదురు అంగడి వాళ్ళు వచ్చి చేతులు చాచి తలా రెండు మూడు తీసుకుని, ఒకటి నెత్తిన పెట్టుకున్నారు. సందంతా ఏదో సన్మాన సభకు వచ్చినట్లుంది.

పెద్దమ్మది కాక పేటా లేనివి రెండే తలలు, కమిషనర్‌దీ సర్వేయర్‌దీ. ఖాళీ గదిలో వాళ్ళిద్దరే ఉన్నారు. మొదటిసారి ఆ గోడలు మొత్తం చూశాను. వెనక గోడ మీద అర ఉన్నంత మేర సున్నం తెల్లగా, కొత్తగా ఉంది. లేజర్ ఎర్ర చుక్క ఒక మూల నుంచి ఎదుటి మూలకు పోయి ఆగింది. కర్ణం కొలుస్తున్నారు. పద్నాలుగుకు ఇటో అటో, ఈసారి సరిగ్గా తేలుతుంది.

పెద్దమ్మ గడప బయట నిలబడి ఉంది. రెండు చేతులూ కొంగులో చుట్టేసుకుంది. ఆమె కళ్ళు కమిషనర్ తల మీదే ఉన్నాయి. నా చెవి దగ్గరికి వంగి, "ఇరవై ఒకటిన్నర," అంది.

"పెద్దమ్మా!"

"చెప్తి అంతే కద. పెట్టలేదే."

కమిషనర్ సంచిలోంచి సీసా తీసి నీళ్ళు తాగింది. పెద్దమ్మకు అది చూడటం కష్టంగా ఉందని ముఖంలోనే తెలిసింది. ఆ అంగడికి వచ్చిన మనిషి తన నీళ్ళు తానే తెచ్చుకుని తాగడం ఆమె ఎన్నడూ చూసి ఉండదు.

"ఇప్పుడు అడుగప్పా నీ ప్రశ్న," అంది జరీ అక్క నాతో. "చెయ్యెత్తేది."

నేను అడిగాను. ఈసారి ఓనరుతో, గుమాస్తాతో, పక్క అంగళ్ళ వాళ్ళతో కలిపి అందరినీ అడిగాను. కోర్టు న్యాయం చేస్తుందని నమ్మేవాళ్ళు చెయ్యి ఎత్తండి.

ఎవరూ ఎత్తలేదు. అందరి చేతుల్లోనూ పేటాలు, పెద్దమ్మవి కొంగులో. "దించితే ఎత్తుతాం," అన్నాడు మేస్త్రీ. ఓనరు నవ్వితే తల మీద పేటా కదిలింది. చెయ్యి ఖాళీ లేక మెడతోనే సర్దుకున్నాడు.

లోపల సర్వేయర్ లెక్క కట్టడం ముగించాడు. కమిషనర్ మళ్ళీ ఒకసారి తానే చూసుకుని, గడప దగ్గరికి వచ్చింది. ఎదురుగా జరీ తలపాగాలతో ఇంతమంది నిలబడి ఉండటం చూసి ఒక్క క్షణం ఆగింది. కళ్ళజోడు సరిచేసుకుంది. ఇరు పక్షాల వాళ్ళూ వినండి, తరువాత సంతకాలు పెట్టాలి, అంది. పెద్దమ్మ కొంగులోంచి చేతులు తీయలేదు. కమిషనర్ కాగితం పైకెత్తి సంఖ్య చదివింది.

13.92.